గిన్నెలకు జిడ్డు వదలడం లేదు, మనిషిని మార్చేయనా?

ఇంటి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు ఉత్తరాంధ్ర సంక్షేమ హాస్టళ్లలో వార్డెన్‌గా పనిచేసి రిటైరైన మా శీర్షిక రచయిత్రి జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, మాది విజయనగరం. తోటపాలెం దగ్గర అపార్టుమెంటులో ఉంటాం. నేను ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. ఆరేళ్లుగా ఒకావిడ మా ఇంట్లో పనిచేస్తోంది. నలభై ఐదు దాటి ఉంటాయి, నేను అప్పా (అక్కా) అనే పిలుస్తాను. పొద్దున్న ఆరున్నరకు వచ్చి సామాన్లు తోమి, ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెట్టి, మెషీన్‌లోంచి బట్టలు తీసి ఆరేసి వెళ్లాలి. నెలకు 3,500 ఇస్తున్నాం. రెండేళ్ల కిందట 500 పెంచాం. మొదట్లో వంక పెట్టడానికి ఉండేది కాదు. ఈ ఆరు నెలల నుంచే పని బాగా తగ్గిపోయింది. గిన్నెలు పట్టుకుంటే చేతికి జిడ్డు అంటుతోంది. కుక్కర్ మూతలో అన్నం మెతుకులు అలాగే ఉంటున్నాయి. మంచాల కింద చీపురు వెళ్లడం లేదు. ఏడు దాటాక వస్తోంది. నెలకు రెండు మూడు నాగాలు, ఫోన్ కూడా చేయదు. చెబితే ‘అలాగేనమ్మా’ అంటుంది, మర్నాడు మళ్లీ అంతే. నాగాకు ఇంతని జీతంలో కోసేయమంటారు మావారు. పక్క ఫ్లాటులో చేసే అమ్మాయి 3,000కే వస్తానంటోంది. పోయినేడు మామగారికి మోకాలి ఆపరేషన్ అయ్యాక బొబ్బిలి నుంచి అత్తయ్యగారు, మామగారు మేం ముగ్గురం ఉండే ఇంటికే వచ్చేశారు. వాళ్లు పెద్దవాళ్లు, ఇల్లు శుభ్రంగా లేకపోతే బాగుండదు. ఆమె తీసుకున్న అడ్వాన్సులో ఇంకా 4,000 బాకీ ఉంది. మాన్పించేయాలంటే మనసు ఒప్పడం లేదు. పొద్దున్నే మళ్లీ గిన్నెలు తోముకుని కాలేజీకి పరుగెత్తాలంటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జిడ్డు గురించి, మెతుకుల గురించి, నాగాల గురించి చాలా వివరంగా రాశారు. ముగ్గురున్న ఇల్లు ఐదుగురయిన సంగతి మాత్రం చివర్లో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నారు. నేను అక్కడే ఆగిపోయాను.

ఇద్దరు పెద్దవాళ్లు వచ్చారంటే ఇద్దరి కంచాలు పెరగడం ఒక్కటే కాదు కదా. వాళ్ల టిఫిన్ వేళ వేరు. ఉప్పు, కారం తగ్గించి వండే కూర వేరు. సాయంత్రం అత్తయ్యగారికి ఇంత చోడి అంబలి కాచారనుకోండి, ఆ గిన్నె తెల్లారేదాకా సింకులో పడుంటే అంబలి ఎండి గోరుతో గీకినా రాదు. మోకాలి ఆపరేషన్ అయిన మనిషి ఇంట్లో ఉంటే బాత్రూము రోజుకు రెండుసార్లు కడగాలి, దుప్పట్లు, తువ్వాళ్లు ఉతకాలి. ఒకరోజు ఆమె వచ్చే ముందు సింకులో ఉన్న సామాన్లు లెక్కపెట్టండి. మీరు ముగ్గురే ఉన్నప్పుడు ఎన్ని ఉండేవో గుర్తు చేసుకోండి. పని తగ్గిందని మీకు అనిపిస్తోంది. నాకైతే పని పెరిగిందనీ, చేసే చేతులు, ఇచ్చే జీతం మాత్రం ఉన్నచోటే ఉన్నాయనీ అనిపిస్తోంది.

అలాగని ఆమె వైపు తప్పేమీ లేదని అనను. ఫోనైనా చేయకుండా నాగా పెట్టడం తప్పే. మీకూ ఉద్యోగం ఉంది, అవతల బెల్లు కొట్టేస్తారు. ఆ మాట ఆమెకు గట్టిగానే చెప్పాలి. కానీ జిడ్డూ మెతుకులూ వేరు, నాగాలు వేరు. వాటి కారణాలు వేరు కావచ్చు, కాబట్టి రెంటినీ ఒకే కోపంలో కలిపేయకండి.

జిడ్డు సంగతి ముందు చూద్దాం. నేను పాలకొండలో వార్డెన్‌గా ఉన్నప్పుడు (అప్పుడది శ్రీకాకుళం జిల్లా) మా హాస్టల్లో ఒక కమాటి (వంటగదిలో సాయం చేసే మనిషి) ఉండేది. ఎంతో నెమ్మదైన మనిషి. ఒక ఏడాది అన్నంలో రాళ్లు వస్తున్నాయని పిల్లలు గొడవ మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన పంటికింద కూడా రాయి పడింది. నిర్లక్ష్యమని రాసి మెమో ఇమ్మన్నారు. ఆ సాయంత్రం ఆమెను వంటగది గుమ్మం దగ్గర కూర్చోబెట్టి సూది, దారం చేతికిచ్చాను. ఎంతసేపు చూసినా దారం ఎక్కలేదు. సూదిని దూరంగా పెట్టింది, దగ్గరగా పెట్టింది, దారం కొస నోట్లో పెట్టి తడిపింది. చివరికి, ‘చేటలో రాళ్లు అవుపడ్నేదమ్మా, చెప్తే పనిలోంచి తీసేస్తారని’ అంది. ఆమెకు వచ్చింది చత్వారం. కళ్లద్దాలు పెట్టుకున్నాక రాళ్ల గొడవే లేదు.

మీ ఆవిడకూ నలభై ఐదు దాటాయంటున్నారు. సాధారణంగా చత్వారం మొదలయ్యే వయసే అది. దూరం బాగానే కనబడుతుంది కాబట్టి నడకలో, మాటలో ఎవరికీ తేడా తెలియదు. కుక్కర్ మూత గాడిలో ఇరుక్కున్న మెతుకు, స్టీలు గిన్నె మీద పలచటి నూనె పొర, ఇలాంటివే కనబడవు. దానికి తోడు మీరు సామాన్లు తోమించేది వెనక బాల్కనీలోనైతే, ఆ వేళప్పుడు అక్కడ వెలుతురు ఎంత ఉంటుందో ఒకసారి నిలబడి చూడండి. మంచి బల్బు ఒకటి పెట్టించండి. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో కళ్ల పరీక్ష చేయించండి, వీలైతే మీరే వెంట వెళ్లండి. అదే చేత్తో రక్తం శాతం, షుగరు, థైరాయిడ్ కూడా చూపించండి. బాగా చేసిన మనిషి ఆరు నెలల్లో ఇంతగా మారిందంటే నేను ఒళ్లు బద్ధకం అనుకోను, ఒంట్లో ఏదో ఉందని అనుకుంటాను. రక్తం తక్కువైన మనిషికి వంగి మంచం కింద ఊడ్చి లేస్తే కళ్లు తిరుగుతాయి. అందుకే వంగడమే మానేస్తారు. చేతివేళ్ల సందులు కూడా చూడండి. సబ్బునీళ్లలో రోజంతా నాని పాసిపోయిన చేతులతో పీచు గట్టిగా పట్టుకోవడం ఎంత కష్టమో, వానాకాలంలో ఇంటిపని చేసే ప్రతి ఆడదానికీ తెలుసు.

ఇక ఎలా చెప్పాలన్నది. ఆమె చెప్పులు వేసుకుని గుమ్మం దాటుతుంటే వెనక నుంచి చెప్పకండి. పక్క ఫ్లాటు వాళ్లు వింటుండగా చెప్పకండి. మావారు ఇలా అన్నారు, అత్తయ్యగారు అలా అన్నారు అని వాళ్ల పేరు మీద చెప్పకండి. కాలేజీ లేని ఆదివారం చూసుకుని, పని మొదలుపెట్టక ముందు, కూర్చోమని టీ ఇచ్చి మాట్లాడండి. ఆ టీ మీరు తాగే కప్పులోనే ఇవ్వండి. ఈ మాట ఎందుకంటున్నానంటే, మన వైపు ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో పనివాళ్ల గ్లాసు కిటికీలో వేరుగా ఉంటుంది. ఆ గ్లాసు చేతికిచ్చి ‘నువ్వు మా ఇంట్లో మనిషివి’ అంటే ఎవరు నమ్ముతారు?

ముందు మీరు అడగండి, తర్వాత చెప్పండి. ‘అప్పా, ఆరు నెలల నుంచి నీకేదో ఇబ్బందిగా ఉన్నట్టుంది, ఏటయింది?’ అని అడిగి ఊరుకోండి. వెంటనే జవాబు రాదు. వచ్చేదాకా ఆగండి. ఇంట్లో మగమనిషి చెన్నైకో హైదరాబాదుకో వలస పోయి ఉండొచ్చు. డ్వాక్రా వాయిదా కోసం ఇంకో ఇల్లు ఒప్పుకుని అక్కడ చేసి వస్తుండొచ్చు, ఏడు దాటడం అందుకే కావచ్చు. ఊళ్లోంచి షేర్ ఆటోలో వచ్చే మనిషైతే ఆటో నిండితే గానీ కదలదు. ఇవేవీ కాకపోవచ్చు కూడా. ఆమె నోటితో వినకుండా మీరూ నేనూ ఊహించుకోవడం దేనికి?

తర్వాత మీ మాట. ‘శుభ్రంగా చెయ్యి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. కుక్కర్ మూత చేతిలోకి తీసుకుని, గాస్కెట్ ఊడదీసి, గాడిలో వేలు పెట్టి చూపించండి: ‘రోజూ ఇది తీసి కడగాలి.’ అంతే. ఆ వారం గిన్నెల గురించే మాట్లాడండి. మంచాల కింద దుమ్ము వచ్చే వారం చూద్దురు గాని. ఒకేసారి పది చెబితే వచ్చే జవాబే ‘అలాగేనమ్మా’. తిట్టు అయిపోవాలని అనే మాట అది, ఒప్పుకున్న మాట కాదు. మీ వైపు నుంచి చేయాల్సినవీ చేయండి. రాత్రే గిన్నెల్లో నీళ్లు పోసి నానబెట్టండి. కంచాల్లో ఎంగిలి తీసి చెత్తబుట్టలో వేయండి. నూనె మూకుడుకు వేణ్నీళ్లు కాచి పెట్టండి. చలికాలం కుళాయి నీళ్లకు నూనె గడ్డకడుతుంది, ఎంత తోమినా వదలదు.

నాగాల గురించి మీవారు చెప్పినట్టు కోయడం మొదలుపెట్టే ముందు ఒక సంగతి చూడండి. అసలు ఆమెకు సెలవులు ఎన్ని అని ఎప్పుడైనా అనుకున్నారా? మీకు ఆదివారాలున్నాయి, సీఎల్స్ ఉన్నాయి. సెలవే లేని మనిషికి ప్రతి సెలవూ నాగాయే అవుతుంది. నెలకు నాలుగు రోజులు జీతంతో సెలవు, ముందురోజు రాత్రి ఫోన్ చేయాలి, ఆ పైన చెప్పకుండా మానేస్తే ఆ రోజు జీతం ఉండదు అని ఇద్దరూ కలిసి ఒప్పుకోండి. ఆ ఒప్పందం తర్వాత కోస్తే అది న్యాయం. ఒప్పందం లేకుండా నెలాఖరున లెక్క తీసి కోస్తే అన్యాయం. పైడితల్లమ్మ తొలేళ్లు, సిరిమాను రెండు రోజులూ ఆ నాలుగింట్లో కలపకండి. దసరా తర్వాత ఆ సోమ, మంగళవారాలు ఊరు ఊరంతా కోట దగ్గరే ఉంటుంది, ఆమె ఇంటికి చుట్టాలు వస్తారు. ఆమె ఊరి గ్రామదేవత పండగకూ అంతే.

జీతం మాటకొస్తే, ఇంటిపనిని మన రాష్ట్రంలో 2007లోనే కనీస వేతనాల జాబితాలో చేర్చారు. ఇప్పటి రేటు ఎంతో జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. పనివాళ్ల కోసం విడిగా ఒక కేంద్ర చట్టం గురించి కమిటీ వేసి ఆలోచించమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. ఇప్పటికి ఆమెకు న్యాయం జరగడం, జరగకపోవడం చాలావరకు మీ వంటింట్లోనే తేలుతుంది. ముగ్గురికి ఒప్పుకున్న జీతంతో ఐదుగురి పని చేయించకండి. 3,500 పెంచి కనీసం 4,500 చేయండి. లేదంటే బట్టల పని తీసేసి, ఆ టైము గిన్నెలకివ్వండి. 3,000కే వస్తానన్న అమ్మాయి సంగతి పక్కన పెట్టండి. ఇంత పనిని అంతకే ఒప్పుకున్న మనిషి ఆరు నెలల తర్వాత ఇదే గిన్నె ఇదే జిడ్డుతో మీ చేతిలో పెడుతుంది.

ఇవన్నీ చేసి రెండు నెలలు చూడండి. అప్పటికీ మారకపోతే మాన్పించండి. అందులో పాపమేమీ లేదు, కానీ మాన్పించే పద్ధతి ఒకటుంది. నెల రోజుల ముందు చెప్పండి, లేదా నెల జీతం చేతిలో పెట్టండి. ఆ 4,000 బాకీ ఆఖరి జీతంలో పట్టుకోకండి, వదిలేయండి. ఎందుకంటే, కంపెనీలో ఐదేళ్లు దాటిన ఉద్యోగి మానేస్తే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ ఇస్తారు. ఇళ్లలో పనికి ఆ చట్టం వర్తించదు. కానీ అదే లెక్క వేసి చూస్తే 3,500 జీతానికి ఆరేళ్లకు 12,000 దాటుతుంది. మీరు వదులుకుంటున్నది అందులో మూడో వంతు. ఆమె వెళ్లాక అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఆమె గురించి ఒక్క చెడ్డమాట కూడా రాయకండి. ఆ గ్రూపులో పడిన మాటతో ఆ వీధిలో ఆమెకు ఇంకో ఇల్లు దొరకదు.

ప్రశ్న: మా అమ్మ (78) శ్రీకాకుళం బలగలో ఒక్కతే ఉంటుంది. నేను బెంగళూరులో ఉద్యోగం. ఏజెన్సీ ద్వారా ఒకావిడను ఇరవై నాలుగు గంటలూ ఉండేలా పెట్టాం, నెలకు 16,000. హాల్లో కెమెరా పెట్టాను. మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతోంది, ఫోన్ చూసుకుంటోంది. రాత్రి అమ్మ రెండుసార్లు పిలిస్తే గానీ లేవడం లేదు. ఏజెన్సీకి చెప్పి మార్పించమంటారా?

జవాబు: బాబూ, రాత్రి లేవాల్సిన మనిషి మధ్యాహ్నం పడుకోకపోతే ఎప్పుడు పడుకుంటుంది? డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి రాత్రి బాత్రూముకు ఎన్నిసార్లు లేస్తుందో అమ్మనే అడుగు. ఇరవై నాలుగు గంటల పని అన్న మాటే ఎవరూ ఒప్పుకోకూడని మాట. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికి వరుసగా 24 గంటలైనా విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే ఒప్పందం రాసింది. మన దేశం దాని మీద ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టకపోయినా నువ్వు పాటించొచ్చు. వారానికి ఒకరోజు అమ్మకు తోడుగా చుట్టాలనో, రోజు కూలికి ఇంకొకరినో చూడు.

కెమెరా ఉందని ఆమెకు చెప్పావా? చెప్పకపోతే ఈరోజే చెప్పు. ఆమె పడుకునే చోట, బట్టలు మార్చుకునే చోట మాత్రం ఎప్పుడూ పెట్టకు. అసలు కెమెరాలో చూడాల్సింది నిద్ర కాదు. అమ్మకు స్నానం వేళకు అవుతోందా, మాత్రలు అందుతున్నాయా, నడుము కింద ఒరుపులు పడ్డాయా, అమ్మ ఆమెతో నవ్వుతూ మాట్లాడుతోందా, ఇవి తెలుసుకో. వీటిలో తేడా ఉంటే తప్పకుండా మార్చు. ఇవి బాగుంటే ఆ మనిషిని పోగొట్టుకోకు. పిలుపు వినబడకపోతే మంచం పక్కన నొక్కే బెల్లు ఒకటి కొనిపెట్టు, ఆమె దిండు దగ్గర మోగుతుంది. నువ్విచ్చే 16,000లో ఏజెన్సీ ఎంత ఉంచుకుని ఆమెకు ఎంత ఇస్తోందో కూడా అడుగు. చాలామంది అడగరు.

ప్రశ్న: సీతంపేట వైపు నుంచి తెలిసినవాళ్ల పిల్లను తెచ్చుకున్నాం, పదమూడేళ్లు. పిల్లాణ్ని ఆడించడానికి, పైపనికి. తిండీ బట్టా పెడుతున్నాం, కానీ ఎంత చెప్పినా పని నేర్చుకోవడం లేదు, ఊరికే ఏడుస్తుంది. ఎలా దారికి తేవాలి?

జవాబు: ఆ పిల్లను పని నేర్చుకోలేదని అనే హక్కు మీకు లేదు. పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఇంటిపనిలో పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచే నిషేధం. 2016 సవరణతో ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20,000 నుంచి 50,000 జరిమానా ఉన్నాయి. తెలిసినవాళ్ల పిల్ల అన్నా, తిండి పెడుతున్నామన్నా చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఆ వయసు పిల్లలు హాస్టల్‌కు వచ్చిన మొదటి వారమంతా ఏడ్చేవాళ్లు, పక్క మంచాల మీద వాళ్లలాంటి పిల్లలే ఉన్నా సరే. ఈ పిల్ల మీ ఇంట్లో ఒక్కతే ఉంది.

ఈ వారంలోనే తల్లిదండ్రులను పిలిపించి పిల్లను వాళ్లకు అప్పగించండి. బడి మధ్యలో మానేసి ఉంటే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం ఉంది, ఆరో తరగతి నుంచి చేర్చుకుంటారు, ఉండటానికి, తినడానికి, చదువుకు ఖర్చు లేదు. వాళ్ల మండల విద్యాశాఖ అధికారి (ఎంఈఓ) గారిని కలిస్తే దారి చెబుతారు. గిరిజన కుటుంబమైతే సీతంపేట గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కిందే ఆశ్రమ పాఠశాలలున్నాయి. తల్లిదండ్రులు వెనకాడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మీ ఇంట్లో పనిచేసినన్ని నెలలకూ పెద్దవాళ్లకిచ్చే లెక్కన జీతం కట్టి, తల్లితో పోస్టాఫీసులో ఆ పిల్ల పేరు మీద ఖాతా తెరిపించి అందులో వేయండి.